పైపొరను బట్టి లోహం: ఫోన్, లాప్‌టాప్ బాడీల ఎంపిక

ఫోనుకు గాని లాప్‌టాప్‌కు గాని బాడీని ఏ లోహంతో చేయాలన్నది ఒక ప్రశ్నగానూ, ఆ లోహానికి ఏ మెరుగు పెట్టాలన్నది మరొక ప్రశ్నగానూ కనిపిస్తుంది. తయారీ తెలిసినవారి దృష్టిలో మాత్రం ఇవి రెండు ప్రశ్నలు కావు; ఎందుకంటే ఒక లోహాన్ని ఎంచుకున్నప్పుడే దానిమీద ఏ రంగు నిలుస్తుంది, ఏది నిలవదు, అంగడిలో అది ఎలా మెరుస్తుంది, నాలుగేళ్ళ తరువాత దాని అంచులు ఎలా ఉంటాయి అన్నవన్నీ చాలావరకు తేలిపోతాయి. ధర్మవరంలో పట్టునూలుకు రంగు వేసేవారికి ఈ సంగతి కొత్త కాదు. పట్టుకు పట్టే రంగు పాలిస్టరుకు పట్టదని, నూలు ఏదో చూడకుండా రంగును గురించి మాట్లాడటం వృథా అని వారికి వృత్తే నేర్పింది. అదే నియమం లోహాలకు ఎలా వర్తిస్తుందో పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

గుంతకల్లు నుంచి బెంగళూరుకు వెళ్ళే రైలుమార్గంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. 2022 ఏప్రిల్ నుంచి ఈ మూడూ శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన పట్టణాలు. ధర్మవరంలో పట్టుకు రంగు అద్ది జరీతో నేస్తారు. పెనుకొండ దగ్గర ఉక్కు రేకును కారుగా మలచి రంగు వేస్తారు. హిందూపురం పక్కన తూమకుంట పారిశ్రామికవాడలో ఉక్కు పని సాగుతుంది. ఫోన్ల పరిశ్రమ కూడా ఈ ప్రాంతానికి దూరంగా లేదు. 2015 ఆగస్టులో శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో షావోమి ఫోన్ల తయారీ మొదలైంది. హిందూపురానికి దక్షిణాన సరిహద్దు దాటితే వచ్చే దేవనహళ్ళి పరిసరాల్లో అదే ఫాక్స్‌కాన్ ఐఫోన్లను కూర్చే కర్మాగారాన్ని నెలకొల్పింది. తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించే హోసూరు ప్రాంతంలో టాటా ఎలక్ట్రానిక్స్ ఐఫోన్ల లోహపు బాడీలనే తయారుచేస్తోంది. కాబట్టి ఈ ప్రాంతపు యువతీయువకులకు ఇది ఎక్కడో విదేశాల్లో సాగే పని కాదు, రేపు ఉద్యోగంగా ఎదురయ్యే విద్య.

ఇటువంటి లోహపు బాడీలలో ఎక్కువభాగం అల్యూమినియంతో చేసినవే. తెలుగు ఇళ్ళలో దీనికి సిల్వర్ అన్న పేరు స్థిరపడింది. సిల్వర్ గిన్నెలో వెండి రవ్వంతైనా లేకపోయినా ఆ తెలుపును చూసి జనం పెట్టుకున్న పేరు అది. 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూలులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీని ప్రారంభించాక ఈ లోహం దక్షిణాది వంటింటికి చేరింది. దాని బరువు ఉక్కు బరువులో మూడోవంతు మాత్రమే. అంతకన్నా ముఖ్యమైన గుణం మరొకటి ఉంది. గాలి తగిలిన మరుక్షణం అల్యూమినియం మీద ఆక్సైడు అనే సన్నని పొర ఏర్పడుతుంది. ఆక్సైడు అంటే లోహమూ ఆక్సిజనూ కలిసిన పదార్థం; ఇనుముకు పట్టే తుప్పు కూడా ఆక్సైడే. అయితే ఇనుప తుప్పు పొడిపొడిగా రాలిపోతూ కింది లోహాన్ని మళ్ళీ గాలికి వదిలేస్తుంది, కనుక తినడం ఆగదు. అల్యూమినియం ఆక్సైడు తన లోహాన్ని గట్టిగా కరచుకుని, మిల్లీమీటరును కొన్ని లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత మందం చేరగానే ఆగిపోయి, ఆ తరువాత కాపలా కాస్తుంది.

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారాన్ని దీనితో పోల్చి చూస్తే తేడా బోధపడుతుంది. కారు బాడీ ముఖ్యంగా ఉక్కు రేకు. ఉక్కు తనను తాను కాపాడుకోలేదు కనుక కార్ల పరిశ్రమలో దానికి పొర మీద పొర వేయవలసి వస్తుంది. మొదట రేకును కడిగి, ఫాస్ఫేట్ లవణాల ద్రావణంతో గరుకు పుట్టించి, బాడీ మొత్తాన్ని రంగు తొట్టెలో ముంచి విద్యుత్తు ప్రవహింపజేస్తే మూలమూలకూ పూత చేరుతుంది. దానిమీద ప్రైమరు, ఆపైన రంగు, చివరికి గాజులాంటి పారదర్శకపు పొర. ఇంతా కలిసి సుమారు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదోవంతు. ఈ పూత లోహానికి పరాయిది. ఎక్కడ రాయి తగిలి పెచ్చు లేస్తే అక్కడ తుప్పు మొదలవుతుంది. ఫోను బాడీకి కూడా ఇలా రంగు వేయవచ్చు, చౌక రకాలకు వేస్తారు కూడా. కానీ రోజంతా అరచేతి చెమటలో, జేబులో, తాళంచెవుల పక్కన మెలిగే వస్తువు మీద పరాయి పూత ఎక్కువకాలం నిలవదు. అందుకే లోహం నుంచే పైపొరను పుట్టించే పద్ధతి ఇక్కడ రాజ్యమేలుతోంది. దాని పేరు అనోడైజింగ్.

అల్యూమినియం తనంతట తాను వేసుకునే ఆక్సైడు పొరను విద్యుత్తు సాయంతో వేల రెట్లు మందంగా పెంచడమే అనోడైజింగ్. సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచిన పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో బాడీని వేలాడదీసి, దాన్ని విద్యుత్ వలయంలో ధనధ్రువంగా కలిపి, 12 నుంచి 20 వోల్టుల విద్యుత్తు పంపితే, అరగంట లోపే పది మైక్రాన్ల పొర ఏర్పడుతుంది. ఆ ధనధ్రువాన్నే ఆనోడ్ అంటారు. ప్రక్రియకు ఆ పేరు రావడానికి కారణం అదే. ఈ సల్ఫ్యూరిక్ ఆమ్ల పద్ధతికి 1927లో పేటెంటు లభించింది. పొర పెరుగుతున్నంతసేపూ ఆమ్లం దానిలో కొంతను కరిగిస్తూనే ఉంటుంది కనుక, పొర నిండా నిలువు బావులవంటి సూక్ష్మరంధ్రాలు తయారవుతాయి. అవి ఎంత సన్నవంటే, వెంట్రుక మందాన్ని కొన్ని వేల భాగాలు చేస్తే ఒక్కొక్కటి అందులో ఒక భాగమంతే ఉంటుంది. ఈ ప్రక్రియకు ప్రాణం ఆ రంధ్రాలలోనే ఉంది.

ధర్మవరంలో పట్టునూలును ముందు సబ్బు, సోడా కలిపిన మరుగునీటిలో ఉడికించి, పట్టుపురుగు వదిలిన జిగురును తీసేస్తారు. జిగురు పోతేనే పోగు రంగును లోపలికి పీల్చుకుంటుంది. తరువాత రంగునీటిలో ముంచుతారు, ఆపైన జాడిస్తారు. లోహానికి జరిగేది ఆశ్చర్యం కలిగించేంతగా ఇదే వరస. బాడీ మీద నూనె మరకలను క్షారంతో కడిగి, కాస్టిక్ సోడాలో పైపైన తినిపించి, జాడించి, రంధ్రాల పొరను పెంచి, రంగు తొట్టెలో ముంచితే రంగు ఆ రంధ్రాలలోకి దిగుతుంది. ఆ మీదట మరుగుతున్న నీటిలో ఉంచితే ఆక్సైడు నీటిని కలుపుకుని ఉబ్బి, రంధ్రాల నోళ్ళను మూసివేస్తుంది. రంగు లోపల బందీ అవుతుంది. ఈ చివరి దశకు సీలింగ్ అని పేరు, దీన్ని తొందరపడి ముగించిన బాడీ చెమట మరకలను కూడా రంగులాగే తాగుతుంది. రంగుకు ముందు సన్నని గట్టిపూసలను గాలి ఒత్తిడితో బాడీ మీదికి చిమ్మి మంచుపట్టినట్టుండే మాసిన మెరుపు తెప్పిస్తారు. వేలిముద్రలను, చిన్న గీతలను కప్పిపెట్టే గుణం ఆ గరుకుకు ఉండటమే దీనికి ముఖ్యకారణం. సొగసు దాని వెనుక వచ్చే లాభం.

ఈ పొర గట్టిదనాన్ని గురించి ప్రకటనల్లో వినిపించే ఒక మాటను మాత్రం సరిచూడాలి. అల్యూమినియం ఆక్సైడు స్ఫటికరూపంలో ఉన్నప్పుడు దాన్నే తెలుగులో కురువిందం అంటారు. కెంపూ నీలమూ దాని జాతులే, ఇంగ్లీషువారు దానికి పెట్టుకున్న పేరు కూడా దక్షిణాది భాషల నుంచే వెళ్ళింది. మామూలుగా దొరికే సహజ ఖనిజాలలో వజ్రం తరువాత అంత గట్టిది మరొకటి లేదు. దీన్ని చూపించి అనోడైజ్ చేసిన బాడీ కూడా నీలమంత గట్టిదని చెప్పడం సరికాదు. ఎందుకంటే ఆ పొర స్ఫటికం కాదు, రంధ్రాలమయం, పైగా కింద ఉన్న లోహం మెత్తనిది. లేపాక్షి నంది ఏ నల్లసేనపు రాతి జాతిదో, ఆ రాతి గుట్టలే ఈ జిల్లా నిండా ఉన్నాయి. ఆ రాయి అరిగి వచ్చే దుమ్ములో క్వార్ట్జ్ రవ్వలు, అంటే పలుగురాతి రవ్వలు, ఉంటాయి. ఆ రవ్వ మామూలు అనోడైజింగ్ పొరకన్నా గట్టిది. జేబులో, సంచిలో చేరిన దుమ్ము ఫోనును గీకుతుందని ఇక్కడివారు చేసే ఫిర్యాదుకు కారణం నాసిరకపు తయారీ ఒక్కటే కానవసరం లేదు. కింది నేల స్వభావం కూడా కావచ్చు.

గీతలకన్నా అంచుల సమస్య లోతైనది. పొర లోహపు తలానికి నిట్టనిలువుగా పెరుగుతుంది. బల్లపరుపు చోట ఒకదాని పక్కన ఒకటి ఒదిగి పెరిగే స్తంభాలు, పదునైన అంచు దగ్గర రెండు దిక్కులకు విడిపోయి నడుమ సందు వదిలేస్తాయి. అక్కడ పొర బలహీనమై పెచ్చు లేస్తుంది. లోపలి తెల్లని లోహం బయటపడుతుంది. 2012లో వచ్చిన నల్లని ఐఫోన్ 5 అంచులలోనూ, 2025లో వచ్చిన ఐఫోన్ 17 ప్రో కెమెరా గట్టు అంచులలోనూ కొనుగోలుదారులు గమనించినది ఇదే. ముదురు రంగు బాడీలో ఈ లోపం నల్లచీర మీది సున్నపు చుక్కలా కొట్టొచ్చినట్టు కనబడుతుంది; రంగు వేయని సహజపు వెండిఛాయలో దాదాపు కనబడదు. కాబట్టి అంచులను గుండ్రంగా మలచని నమూనాకు ముదురు రంగు ఎంచుకోవడం తయారీదారు చేసే పొరపాటని నిష్కర్షగా చెప్పవచ్చు.

అల్యూమినియం అన్న ఒకే పేరు కింద అనేక మిశ్రమలోహాలు ఉన్నాయి. మెగ్నీషియం, సిలికాన్ కొద్దిగా కలిపిన 6063 రకం స్వచ్ఛమైన, సమానమైన పొరనిస్తుంది, రంగులు దాని మీద అందంగా పలుకుతాయి. జింకు కలిపిన 7000 శ్రేణి దానికన్నా చాలా బలమైనది, కానీ పొర ఛాయను అదుపులో ఉంచడం కష్టం. 2014లో ఐఫోన్ 6 ప్లస్ జేబులో వంగిపోతోందన్న వివాదం వచ్చాక, మరుసటి సంవత్సరం ఐఫోన్ 6ఎస్ కోసం ఆపిల్ 7000 శ్రేణికి మారింది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అల్యూమినియం రకాలన్నీ ఒత్తిడికి దాదాపు ఒకేలా వంగుతాయి. తేడా అంతా వదిలేశాక తిరిగి నిటారు కావడంలో ఉంది. బలమైన రకం వంగి లేస్తుంది, బలహీనమైనది వంగినట్టే ఉండిపోతుంది. ఇక కరిగించి అచ్చులోకి ఒత్తిడితో పోసే పోతరకాలలో సిలికాన్ నూటికి సుమారు పది వంతులు కలుపుతారు, కరిగిన లోహం అచ్చు మూలల్లోకి చక్కగా పారడానికి. అయితే ఆ సిలికాన్ ఆక్సైడుగా మారకుండా మిగిలిపోయి పొరను బూడిదరంగు మచ్చలతో నింపుతుంది. చౌకగా పోతపోసి, ఖరీదైన అనోడైజింగ్ మెరుపు కావాలని కోరడం పాలిస్టరు నూలు తెచ్చి పట్టురంగు వేయమనడం వంటిది. అందుకే మేలైన బాడీలను దిమ్మ నుంచి యంత్రాలతో చెక్కి తీస్తారు. ఆపిల్ 2008 అక్టోబరులో తెచ్చిన మాక్‌బుక్ ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చింది.

మిగిలిన లోహాల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. మెగ్నీషియం అల్యూమినియంలో మూడింట రెండు వంతుల బరువే ఉంటుంది కనుక పలచని లాప్‌టాప్‌లకు దాన్ని ఇష్టపడతారు, కానీ దాని ఆక్సైడు కాపలా కాయదు, రంగు పూత తప్పదు. స్టెయిన్‌లెస్ స్టీలు గట్టిది, అద్దంలా మెరుస్తుంది, బరువు అల్యూమినియంకు మూడు రెట్లు. టైటానియం ఈ రెంటికీ నడుమ ఉంటుంది; 2001లో ఆపిల్ పవర్‌బుక్ జీ4 లాప్‌టాప్‌తో అది వార్తల్లోకి వచ్చింది, దాని అంచుల మీది పెయింటు పెచ్చులూడటం కూడా అంతే ప్రసిద్ధమైంది. 2023లో ఐఫోన్ 15 ప్రో చట్రంగా టైటానియం తిరిగి వచ్చింది, 2025లో మళ్ళీ అల్యూమినియంకు చోటిచ్చింది. అల్యూమినియం తిరిగి రావడానికి ముఖ్యకారణం వేడి. వేడిని మోసుకుపోవడంలో టైటానియం మిశ్రమలోహం కన్నా అల్యూమినియం ఇరవై రెట్లకు పైగా సమర్థమైనది. లోపలి చిప్పు కక్కే వేడిని బాడీ అంతటా పరచి గాలికి వదిలేస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళలో ఈ గుణం చేతికి వేడిగా తగులుతుందన్న కారణంతో దాన్ని తక్కువ చేయడం తగదు; బాడీ వేడెక్కిందంటే లోపలి వేడి బయటికి వస్తోందన్నమాట.

స్టీలు, టైటానియంలకు రంగు తేవడానికి పీవీడీ అనే పద్ధతి వాడతారు. గాలి తీసేసిన గదిలో ఒక లోహాన్ని ఆవిరిగా మార్చి, బాడీ మీద ఒకటి రెండు మైక్రాన్ల పొరగా పేరుకునేలా చేయడమే అది. టైటానియం, నైట్రోజన్ కలిసిన టైటానియం నైట్రైడు పొర అచ్చం బంగారంలా మెరుస్తుంది, బంగారంకన్నా ఎన్నో రెట్లు గట్టిది. జరీ నేసేవారికి ఈ ఊహ పరిచితమే. అసలు జరీలో పట్టుదారం మీద వెండి రేకును చుట్టి, దానికి విద్యుత్తుతో బంగారు నీరు పట్టిస్తారు. బరువులో బంగారం నూటికి ఒక వంతైనా ఉండదు, అయినా కంటికి కనిపించేదంతా బంగారమే. దారం వంగే గుణాన్ని, వెండి మెత్తదనాన్ని, బంగారం ఛాయను ఒక్క పోగులో కూర్చిన ఆ పనితనం, బలం ఒకచోట నుంచి, మెరుపు మరొకచోట నుంచి తెచ్చే నేటి ఫోను తయారీకి ఏమాత్రం తీసిపోనిది.

ఈ ప్రసంగాన్ని శ్రోతల వద్దకు చేరుస్తున్న రేడియో తరంగాలకు కూడా ఈ ఎంపికలో ఒక పాత్ర ఉంది. నిండు లోహపు పెట్టెలోకి ఆ తరంగాలు చొరలేవు. అందుకే లోహపు ఫోనుల బాడీలో సన్నని గీతలుగా చీలికలు వదిలి, వాటిని ప్లాస్టిక్కుతో నింపి, చట్రపు ముక్కలనే ఆంటెన్నాలుగా వాడతారు. ఆ ప్లాస్టిక్కు ఆమ్లపు తొట్టెను, రంగు తొట్టెను తట్టుకుని, తాను రంగు పీల్చకుండా, చుట్టూ ఉన్న లోహంతో సమతలంగా నిలవాలి. వైర్‌లెస్ చార్జింగ్ ఉన్న ఫోనులకు వెనుకభాగం గాజుతో చేయడానికి కారణం కూడా లోహం ఆ శక్తిని అడ్డుకోవడమే.

కొన్న తరువాత కాపాడుకోవడంలో వంటింటి అలవాటు ఒకటి హాని చేస్తుంది. చింతపండు వ్యాపారానికి పేరుపొందిన హిందూపురంలో ఇత్తడి, రాగి సామాన్లను చింతపండుతో తోమడం తరతరాల పద్ధతి. ఇత్తడి గిన్నెలో పులుసు కాయాలంటే లోపల కళాయి పూయించవలసిన అవసరం కూడా ఆ పులుపు వల్లనే. అల్యూమినియం ఆక్సైడు పులుపుకూ కరుగుతుంది, సోడాకూ కరుగుతుంది. రెండు వైపులా ఓడిపోయే పదార్థం అది. కనుక చింతపండు, నిమ్మ, బట్టల సోడా, బూడిద వీటిలో ఏదీ ఫోను బాడీకి తగదు. తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డ చాలు. రబ్బరులా మెత్తగా తగిలే పూత ఉన్న లాప్‌టాప్‌లు కొన్నేళ్ళకు జిడ్డుగా అంటుకోవడం వేడికీ తేమకూ ఆ పాలియురెథేన్ పూత విడిపోవడం వల్ల జరుగుతుంది, తుడిస్తే పోయేది కాదు. ఈ వాతావరణానికి రంగు వేయని లేదా లేతరంగు వేసిన, గరుకు మెరుపు గల, అంచులు గుండ్రంగా తిరిగిన అల్యూమినియం బాడీ అన్నిటికన్నా తగినది.

ఇటువంటి బాడీల తయారీ ఈ జిల్లాకే రావాలని కోరుకునేవారు భూమికన్నా ముందు నీటి లెక్క వేసుకోవాలి. అనోడైజింగ్‌లో ప్రతి తొట్టె తరువాత ఒక జాడింపు ఉంటుంది, అదీ లవణాలు తీసేసిన శుద్ధమైన నీటితో. ఆమ్లం, రంగు కలిసిన ఆ కడుగునీటిని శుద్ధి చేయకుండా వదిలితే చెరువులూ బోర్లూ చెడిపోతాయి. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే అనంతపురం సీమలో కియా కర్మాగారానికి సైతం హంద్రీ-నీవా కాలువ నింపే గొల్లపల్లి జలాశయం నుంచి నీరు తేవలసి వచ్చింది. దీనికి మేలైన పద్ధతులు లేకపోలేదు. జాడింపు తొట్టెలను మూడింటిని వరుసగా పెట్టి, బాడీలు ముందుకు సాగుతుండగా నీటిని చివరి తొట్టె నుంచి మొదటి తొట్టెకు ఎదురుగా పారిస్తే, అత్యంత శుభ్రమైన నీరు చివరి కడుగుకు, మురికినీరు మొదటి కడుగుకు పనికివచ్చి, ఒకే తొట్టెలో జాడించేటప్పుడు పట్టే నీటిలో చిన్న భాగంతోనే అంతే శుభ్రత లభిస్తుంది. ధర్మవరం అద్దకపు తొట్ల దగ్గర కూడా ఇదే అమరికను ఈనాడే పెట్టుకోవచ్చు. దానికి ఫోన్ల కర్మాగారం వచ్చేదాకా ఆగనక్కరలేదు.